తిరుపతి, చిత్తూరుల్లో పాత కంప్యూటర్ ఉచితంగానో, కారుచౌకగానో సంపాదించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్, జూలై వచ్చాయంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. "పిల్లోడు కాలేజీలో చేరినాడన్నా, ఒక పాత కంప్యూటర్ చూసిపెట్టు." అవే ప్రశ్నలు, అవే అనుమానాలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, చివరికి ఇలా రాసి పెట్టాను. నాకు షాపు లేదు, ఎవరి దగ్గరా కమీషన్ లేదు. ఇక్కడి ధరలు నేను చూసినంతలోవి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) రేట్లు నెలకో రకంగా ఉంటాయి కాబట్టి వాటిని అంచనాకి మాత్రమే వాడుకోండి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది, మొదటి నుంచీ చదవక్కర్లేదు.

## వెతకడానికి ముందు

నిజంగా ఊరికే దొరుకుతుందా, లేక మాటవరసకు చెప్తారా?

దొరుకుతుంది. కాకపోతే బోర్డు పెట్టుకుని పంచే చోటు ఏదీ లేదు. ఎవరో ఆడిటర్ ఆఫీసు అటక మీద, ఏదో లాడ్జి రిసెప్షన్ బల్ల కింద దుమ్ము పట్టి ఉంటుంది. అడిగేవాళ్లు లేక అక్కడే పడి ఉంటుంది. ఊరికే వచ్చిందాన్ని వాడుకునే స్థితికి తేవడానికి మాత్రం డబ్బు కావాలి. ఎస్‌ఎస్‌డీ, కీబోర్డు, మౌస్, ఒక కేబుల్, కొన్నిసార్లు మానిటర్. 2,500 నుంచి 4,000 రూపాయలు పక్కన పెట్టుకున్నాకే అడగడం మొదలుపెట్టండి. లేకపోతే ఆ అటక మీది పెట్టె మీ అటక మీదికి మారుతుంది, అంతే తేడా.

ఎంత పెడితే ఏం వస్తుంది?

మూడు నాలుగు వేలకు మానిటర్ లేకుండా బాగా పాత సీపీయూ పెట్టె వస్తుంది. ఆరేడు వేలకు నాలుగో తరం ఐ5 ప్రాసెసర్ (తరం అంటే ఏంటో కింద చెప్పాను), 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్ దొరకొచ్చు. పదివేలు దాటితే మానిటర్‌తో సహా ఆరో తరం సెట్టు చూడొచ్చు. పదిహేను నుంచి ఇరవై వేల మధ్య ఎనిమిదో తరం ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి. ఐదు వేలకు "మంచి ల్యాప్‌టాప్" అని ఎవరైనా అంటే బ్యాటరీయో, స్క్రీనో, మూత కీళ్లో పోయి ఉంటాయని అనుకునే వెళ్లండి.

డెస్క్‌టాప్ తీసుకోవాలా, ల్యాప్‌టాపా?

డబ్బు తక్కువైతే డెస్క్‌టాపే. అదే ధరకు ఎక్కువ పని చేస్తుంది, పాడైన భాగాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ, ఛార్జర్, కీబోర్డు మూడూ మార్చాల్సి వస్తే కొన్నదానికంటే ఖర్చు మించిపోతుంది. హాస్టల్లో ఉండే పిల్లలకు మాత్రం ల్యాప్‌టాప్ తప్పదు. ఆరుగురున్న గదిలో మానిటర్ పెట్టుకోవడానికి చోటెక్కడిది?

ఐ5 అంటే మంచిదే కదా? షాపతను ఐ5 అని గట్టిగా చెప్తున్నాడు.

ఐ5 అన్న మాట ఒక్కటే వింటే ఏమీ తెలియదు. బస్సు అని చెప్పి, ఏ సంవత్సరం బస్సో చెప్పనట్టు. దాని వెనకున్న నంబరు అడగండి. ఐ5-2400 అంటే రెండో తరం, 2011 నాటిది. ఐ5-4570 అంటే నాలుగో తరం, 2013 నాటిది. ఐ5-6500 ఆరోది, ఐ5-8500 ఎనిమిదోది. నాలుగంకెల నంబరులో మొదటి అంకె తరం. ఐ5-650 లాగా మూడే అంకెలుంటే మొదటి తరం, ముట్టుకోకండి. పదో తరం నుంచి మొదటి రెండంకెలు చూడాలి.

ఎనిమిదో తరం ఐ3 రెండో తరం ఐ5 కంటే మెరుగ్గా నడుస్తుంది. పెట్టె మీద అతికించిన స్టిక్కర్‌ని నమ్మొద్దు, స్టిక్కర్లు విడిగా అమ్ముతారు. ఆన్ చేయించి, "దిస్ పీసీ" మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో చూడండి.

ఉచితంగా వస్తే రెండో తరమైనా సరే. డబ్బు పెట్టి కొంటే నాలుగుకి తగ్గొద్దు.

మా అమ్మాయి డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది. కనీసం ఏమేం ఉండాలి?

నాలుగో తరం ఐ3 లేదా ఐ5, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. సి, జావా, పైథాన్, డేటాబేస్ పాఠాలకు ఇది చాలు. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి 8 జీబీ ఇరుకవుతుంది, 16 ఉంటే సుఖం. ఈ మూడింట్లో ఏది తగ్గించుకున్నా ఎస్‌ఎస్‌డీని మాత్రం తగ్గించొద్దు. పాత కంప్యూటర్ "స్లో" అని జనం అనేది చాలాసార్లు తిరిగే హార్డ్‌డిస్క్ వల్లే.

గ్రూప్స్‌కి చదువుతున్నా. టైపింగ్ ప్రాక్టీసుకు మాత్రమే కావాలి.

అయితే ఎంత పాతదైనా ఫర్వాలేదు. ఏపీపీఎస్సీ కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్టుకి డాక్యుమెంట్, స్ప్రెడ్‌షీట్, ప్రెజెంటేషన్, ఇంటర్నెట్ మీద చెయ్యి తిరగాలి. రెండో తరం పెట్టె కూడా దానికి సరిపోతుంది. పెట్టెలో ఆదా అయిన డబ్బుతో మంచి కీబోర్డు కొనుక్కోండి, అదే ముఖ్యం.

ఫోన్ ఉంది కదా, కంప్యూటర్ ఎందుకు?

వీడియో చూసేందుకైతే అక్కర్లేదు. ప్రోగ్రాం రాయాలన్నా, ప్రాజెక్ట్ రిపోర్టు దిద్దాలన్నా, టాలీ (వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలన్నా ఫోన్ పనికిరాదు.

## ఉచితంగా అడిగేటప్పుడు

ఎవర్ని అడగాలి?

తెలిసినవాళ్లతో మొదలుపెట్టండి, ముఖ్యంగా చెన్నైలోనో బెంగళూరులోనో కంపెనీల్లో పనిచేసేవాళ్లతో. చాలా కంపెనీలు మూడు నాలుగేళ్లకు ల్యాప్‌టాప్‌లు మారుస్తాయి. పాతవాటిని ఉద్యోగులకే తక్కువకు ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అలాంటి పిల్లాడు లేని వీధి ఉండదు. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు అడగండి. డిసెంబరులోనే ఒక మాట చెవిన వేస్తే ఇంకా మంచిది, వచ్చేటప్పుడు బ్యాగులో వేసుకొస్తాడు.

తర్వాత తిరుపతికే ప్రత్యేకమైన చోటు ఒకటుంది. లాడ్జీలు. బస్టాండు, రైల్వేస్టేషన్, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఎన్ని లాడ్జీలున్నాయో చూడండి. ప్రతి రిసెప్షన్‌లోనూ ఒక కంప్యూటర్. రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండి అలిసిపోయినవే, నిజమే. కానీ వాటితో బుకింగ్ రాసుకోవడం తప్ప ఇంకే పనీ చేయించి ఉండరు. కొత్తది వచ్చిన రోజున పాతది బల్ల కిందికి పోతుంది. ట్రావెల్స్ ఆఫీసులు కూడా ఇంతే.

ఆడిటర్ల ఆఫీసులు, మెడికల్ ఏజెన్సీలు, చిట్ ఫండ్ ఆఫీసులు, మూసేస్తున్న నెట్ సెంటర్లు, కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు కాలేజీల ల్యాబులు కూడా అడగదగ్గవే. ల్యాబులైతే ఏప్రిల్, మే నెలల్లో మారుస్తారు, అప్పుడు ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగండి. ప్రిన్సిపాల్‌కి ఆ గదిలో ఏముందో తెలియదు.

ఫొటో స్టూడియోలవి మంచి కంప్యూటర్లే కానీ పెళ్లి వీడియోలు రెండరింగ్ చేసీ చేసీ వేడికి నలిగినవి. ఊరికే వస్తేనే తీసుకోండి.

అడగాలంటే మొహమాటంగా ఉంది. ఏమని అడగాలి?

"ఏదైనా ఉంటే చూడండి" అంటే ఎవరూ చూడరు. ఏం కావాలో, ఎందుకో, ఏం అక్కర్లేదో చెప్పండి. మా పక్కింటమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది ఇది, రెండు రోజుల్లో పనైంది:

"మా తమ్ముడు బీసీఏ మొదటి సంవత్సరం. ప్రాక్టీసుకు పాత సీపీయూ కావాలి. వాడకుండా పడి ఉన్నా, ఆన్ కాకపోయినా ఫర్వాలేదు, బాగుచేయించుకుంటాం. హార్డ్‌డిస్క్ మీరే ఉంచుకోవచ్చు. తిరుపతిలో ఎక్కడికైనా మేమే వచ్చి తీసుకెళ్తాం."

మనిషిని ఎదురుగా అడిగేటప్పుడు "ఊరికే ఇవ్వండి" అనక్కర్లేదు. "సార్, మీరు వాడనిది ఉంటే ఎంతో కొంత ఇచ్చి తీసుకుంటాం" అనండి. సగం మంది "డబ్బెందుకమ్మా, తీసుకుపో" అంటారు. మిగతా సగం చెప్పే రేటు కూడా షాపు రేటు కంటే తక్కువే ఉంటుంది.

ఆఫీసువాళ్లు "మా డేటా ఉంది, ఇవ్వలేం" అంటున్నారు.

వాళ్ల భయం న్యాయమైనదే. అందులో క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు వివరాలు ఉంటాయి. హార్డ్‌డిస్క్‌ని అక్కడే, వాళ్ల కళ్లముందే విప్పి వాళ్ల చేతిలో పెట్టండి. ఆఫీసు డెస్క్‌టాప్‌లో దాన్ని తీయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, చాలావాటికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఆ పాత డిస్క్ వల్ల మీకూ లాభం లేదు, ఎలాగూ ఎస్‌ఎస్‌డీ వేయాల్సిందే. ఈ ఒక్క మాటతో "ఇవ్వం" అన్నవాళ్లు ఇచ్చిన సందర్భాలు నేను నాలుగైదు చూశాను.

ప్రభుత్వ ఆఫీసుల్లో మూలన పడి ఉన్నవి అడిగితే ఇస్తారా?

ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వాటికి లెక్క ఉంటుంది. పనికిరావని తేల్చాక వేలం వేయాలి. కొన్ని కేంద్ర సంస్థలు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ కంపెనీ నడిపే ఈ-వేలంలో అమ్ముతాయి, కానీ అక్కడ ఒక్కో లాట్‌లో పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక్కటి కావాలంటే కుదరదు. అటెండర్‌కి ఐదొందలిచ్చి రాత్రి తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

టీటీడీ వేలంలో దొరుకుతాయా అని కూడా చాలామంది అడుగుతారు. శ్రీవారి హుండీలో భక్తులు వేసిన వాచీలు, సెల్‌ఫోన్లు లాట్లుగా ఈ-వేలం వేస్తారు. హుండీలో కంప్యూటర్ ఎవరేస్తారు చెప్పండి.

ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్ ఇస్తోందని వాట్సాప్‌లో లింకు వచ్చింది. నింపొచ్చా?

వద్దు. సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ పేరుతో తిరిగిన ఉచిత ల్యాప్‌టాప్ మెసేజ్ అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం గతంలోనే చెప్పింది. అయినా ప్రతి అకడమిక్ సంవత్సరం మొదట్లో ఏదో ఒక కొత్త పేరుతో మళ్లీ వస్తుంది. "పది మందికి పంపండి", "రిజిస్ట్రేషన్ ఫీజు 99 రూపాయలు", ఆధార్ నంబరు, ఓటీపీ అడిగిందంటే ఇక ఆలోచించక్కర్లేదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

మా బాబుకి చూపు లేదు. వాడికి ఏమైనా సాయం ఉందా?

దివ్యాంగ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం రాష్ట్రంలో జరుగుతూ వస్తోంది. జిల్లా విభిన్న ప్రతిభావంతుల శాఖ ఆఫీసులో సదరం (వైకల్య) సర్టిఫికెట్, కాలేజీ బోనఫైడ్ పట్టుకెళ్లి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని అడగండి. ఈలోపు పాత కంప్యూటర్ దొరికితే విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేయండి. పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త మరమనిషిలా ఉంటుంది, వారం రోజుల్లో అలవాటవుతుంది.

## కొనేటప్పుడు

తిరుపతిలో, చిత్తూరులో ఏ షాపుకి వెళ్లాలి?

పేర్లు చెప్పను. చెప్తే రేపు రేటు పెరిగితే నన్నంటారు. పద్ధతి మాత్రం చెప్తాను. అద్దాల షోరూముకి పోవద్దు, రిపేర్లు చేసే షాపుకి వెళ్లండి. మెట్లెక్కి పైకి వెళ్లాల్సినవి, బల్ల మీద విప్పిన మదర్‌బోర్డులు పరిచి ఉన్నవి. ఆఫీసుల ఏఎంసీ (ఏడాది పొడవునా రిపేర్లు చూసే) కాంట్రాక్టులు వీళ్లవే కాబట్టి, ఆఫీసు కొత్తవి కొన్నప్పుడు పాతవి వీళ్ల దగ్గరికే చేరతాయి. "సెకండ్ హ్యాండ్ ఉందా" అని అడిగి వచ్చేయకుండా నంబరు ఇచ్చి రండి. చిత్తూరువాళ్లకు వేలూరు గంట ప్రయాణమే, అక్కడ కూడా ఒకసారి చూడండి.

చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్తే చౌకా?

ఒక్కటే కొనాలంటే నా లెక్కలో లాభం తక్కువ. మౌంట్ రోడ్డు పక్కనున్న ఆ వీధిలో కంప్యూటర్ సరుకు చాలా ఉంటుంది, రేటు వెయ్యి, పదిహేనొందలు తగ్గొచ్చు. కానీ రానుపోను ఛార్జీలు, ఒక రోజు కూలి, తెచ్చాక చెడిపోతే మళ్లీ 140 కిలోమీటర్లు. వారం రోజుల వారంటీ అని రాసిచ్చినా దాని కోసం ఎవరు తిరిగి వెళ్తారు? ముగ్గురు నలుగురు కలిసి కొంటున్నారంటే వెళ్లండి. ఆదివారం మాత్రం వెళ్లొద్దు, చాలా షాపులు మూసి ఉంటాయి. తమిళం వచ్చినవాళ్లు ఒకరు తోడుంటే బేరం వేరేగా ఉంటుంది. బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకి కూడా ఇదే లెక్క.

విడి భాగాలకైతే రిచీ స్ట్రీట్‌ని మించింది లేదు. ఇక్కడ దొరకని పాత ల్యాప్‌టాప్ కీబోర్డు అక్కడ దొరుకుతుంది.

ఓఎల్‌ఎక్స్‌లో నాలుగు వేలకే మంచి ల్యాప్‌టాప్ ఉంది. అడ్వాన్స్ పంపమంటున్నాడు.

పంపొద్దు. "ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, కొరియర్ చేస్తాను" అనే కథ దేశమంతా పాతదైపోయింది, అయినా ఇంకా పడుతున్నారు. మా బంధువొకాయన ఇలాగే రెండు వేలు పంపి, తర్వాత "గేట్ పాస్‌కి ఇంకో పదిహేనొందలు" అంటే అదీ పంపాడు. వస్తువు చూశాక, ఆన్ చేశాక, చేతిలోకి వచ్చాకే డబ్బు. అమ్మేవాడు తిరుపతిలోనే ఉండాలి, పగటిపూట కలవాలి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

"మినీ సీపీయూ" రెండు వేలకే ఇస్తున్నారు. చిన్నగా ముచ్చటగా ఉంది.

అది థిన్ క్లయింట్ అయ్యుంటుంది. బ్యాంకుల్లో, కాల్ సెంటర్లలో సర్వర్‌కి తగిలించి వాడే పెట్టె. దానంతట అది చేసే పని తక్కువ. ప్రాసెసర్ బలహీనం, లోపల ఫైళ్లు దాచుకునే చోటు 8 లేదా 16 జీబీ మాత్రమే ఉండొచ్చు. అదే సైజులో నిజమైన మినీ డెస్క్‌టాప్‌లూ ఉన్నాయి, అవి బంగారం. తేడా తెలియాలంటే ప్రాసెసర్ నంబరు అడగండి. ఐ3, ఐ5 అని ఉండి చివర "టీ" అక్షరం ఉంటే అది మినీ డెస్క్‌టాప్.

కొత్త క్యాబినెట్, రంగురంగుల లైట్లు, "ఐ7 అసెంబుల్డ్" పన్నెండు వేలు. తీసుకోనా?

పెట్టె మాత్రమే కొత్తది. లోపల 2011 నాటి ప్రాసెసర్, ఊరూపేరూ లేని బోర్డు, పేరులేని ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) ఉంటాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి ఆఫీసు మోడళ్లు చూడ్డానికి బీరువాల్లా ఉంటాయి కానీ రోజుకి పది గంటలు నడవడానికి కట్టినవి. ల్యాప్‌టాప్‌ల్లో లాటిట్యూడ్, ఎలైట్‌బుక్, థింక్‌ప్యాడ్ అలాంటివి.

దొంగ సొత్తు అయితే నా పరిస్థితి ఏంటి?

దొంగదని తెలిసి కొన్నా, అలా నమ్మడానికి కారణం ఉండీ కొన్నా నేరమే. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఛార్జర్ లేదు, పాస్‌వర్డ్ తెలియదు, రేటు మరీ తక్కువ, "ఇప్పుడే కావాలి డబ్బు" అంటే వెనక్కి రండి. షాపులో కొంటే సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. మనిషి దగ్గర కొంటే తెల్లకాగితం మీద మోడల్, సీరియల్ నంబరు, తేదీ, సంతకం. ఊరికే ఇచ్చినా ఆ కాగితం రాయించుకోండి. నొచ్చుకుంటారేమో అనిపిస్తే "బాగుచేయించడానికి షాపువాళ్లు అడుగుతారు సార్" అని చెప్పండి.

## చేతిలోకి తీసుకునే ముందు

షాపులో పది నిమిషాల్లో ఏమేం చూడాలి?

పూర్తిగా ఆపి ఉన్నదాన్ని మీ ముందు ఆన్ చేయించండి. ముందే ఆన్ చేసి ఉంచారంటే మొదటిసారి ఆన్ కావడంలో ఏదో తంటా ఉండొచ్చు. ఆన్ అవుతుండగా బయోస్‌లోకి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే, అది వాళ్లు తీసి చూపించేదాకా డబ్బు తీయొద్దు. డెస్క్‌టాప్‌లో అది తీయడం చాలావరకు తేలిక. ల్యాప్‌టాప్‌లో మాత్రం బ్యాటరీ పీకితే పోయే రకం కాదు.

తర్వాత యూఎస్‌బీ రంధ్రాలన్నిట్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, ఇయర్‌ఫోన్ పెట్టి శబ్దం వినండి, యూట్యూబ్ వీడియో పెద్ద తెరలో పది నిమిషాలు ఆడించండి. ఆ పది నిమిషాల్లో ఆగిపోయినా, ఫ్యాన్ విమానంలా మోగినా ధర తగ్గించమనొచ్చు లేదా వదిలేయొచ్చు. పక్క మూత తీయించి మదర్‌బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయేమో చూడండి. ఉబ్బితే వద్దు.

హార్డ్‌డిస్క్‌కి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో "గుడ్" అని నీలం రంగులో రావాలి. పసుపు వస్తే ఆ డిస్క్‌కి విలువ సున్నా అని లెక్కేసి బేరం చేయండి.

ల్యాప్‌టాప్‌లో ఇంకేం చూడాలి?

ఛార్జర్ తీసేసి ఇరవై నిమిషాలు వీడియో ఆడించండి, ఎంత శాతం తగ్గిందో చూస్తే బ్యాటరీ కథ తెలుస్తుంది. కీబోర్డులో ప్రతి అక్షరం కొట్టండి. మూత మెల్లగా తెరిచి మూయండి, కీళ్ల దగ్గర ప్లాస్టిక్ పగిలిందేమో. చదునైన బల్ల మీద పెడితే ఊగితే, లేదా టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. అది ప్రమాదం. కొత్త బ్యాటరీ వేసి ఇస్తేనే తీసుకోండి.

మానిటర్ బదులు ఇంట్లో టీవీ వాడొచ్చా?

వాడొచ్చు, మొదటి ఏడాది డబ్బు మిగుల్తుంది. ఒక చిక్కుంది. నాలుగో తరం డెల్ ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ ఉంటాయి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న కన్వర్టర్ కొనాలి. అసలు చిక్కు ఇంకోటి. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియళ్ల టైములో ఆ టీవీ మీకు దొరకదు.

పాత పెద్ద డబ్బా మానిటర్ ఊరికే ఇస్తామంటున్నారు.

వద్దు. కరెంటు ఎక్కువ తింటుంది, కళ్లకు శ్రమ, దాని గాజులో సీసం ఉంటుంది కాబట్టి తర్వాత పారేయడం మీ తలనొప్పి.

## ఇంటికి తెచ్చాక

విండోస్ 10 ఆగిపోయిందంట కదా? పాతది కొంటే దండగేనా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా భద్రతా సవరణలు వస్తాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అందుకే బాగా నడిచే ఆరో, ఏడో తరం కంప్యూటర్లను ఆఫీసులు బయటికి పంపుతున్నాయి. పేదవాడికి ఇది మంచి సమయం. వాటిలో లినక్స్ (విండోస్ బదులు ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్) వేసుకుంటే ఇంకో ఐదేళ్లు హాయిగా నడుస్తాయి. క్రాక్ (దొంగ కాపీ) విండోస్ వేసిస్తానని షాపతను మూడొందలడిగితే, ఆ డబ్బుతో లినక్స్ ఎక్కించుకోవడానికి పెన్‌డ్రైవ్ కొనుక్కోండి.

లినక్స్ కష్టమంటారు. మా పిల్లలకు వస్తుందా?

పిల్లలకు వస్తుంది. కష్టమనేది మనలాంటి పెద్దవాళ్లకే. లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేయండి, 4 జీబీ ర్యామ్ చాలు. కింద మెనూ, బ్రౌజర్, ఫైళ్లు అన్నీ విండోస్ లాగే ఉంటాయి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది.

కుదరనివి కూడా చెప్పాలి. టాలీ, ఆటోక్యాడ్‌లకు విండోస్ కావాలి. డీటీపీ సెంటర్లో పని నేర్చుకోవాలంటే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కావాలి, అవీ విండోస్‌లోనే. కెమెరా పెట్టి ఇంటి నుంచి రాయించే పరీక్షల సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్‌నే అడుగుతుంది. ఇలాంటి అవసరం ఉంటే ఎనిమిదో తరానికి డబ్బు కూడబెట్టండి.

డెస్క్‌టాప్‌లో వైఫై లేదు. ఇంటర్నెట్ ఎలా?

ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. లినక్స్‌లో కూడా వెంటనే పనిచేస్తుంది, ఏమీ కొనక్కర్లేదు. తర్వాత తీరిగ్గా వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు.

ఆన్ చేస్తే బీప్ బీప్ అంటోంది, తెర మీద ఏమీ రావట్లేదు.

పదికి ఏడుసార్లు ర్యామ్. ప్లగ్ పీకేసి, ర్యామ్ పట్టీ తీసి, బంగారు రంగు అంచుని స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి, ఊది, క్లిక్ మనేదాకా గట్టిగా పెట్టండి. రెండు పట్టీలుంటే ఒక్కోటే పెట్టి చూడండి. ఇదే పని చేసి షాపుల్లో మూడొందలు తీసుకుంటారు, తప్పు పట్టను, వాళ్లకూ అద్దె కట్టాలి.

ప్రతిసారీ తేదీ పాతకాలానికి పోతోంది, వెబ్‌సైట్లు "సురక్షితం కాదు" అంటున్నాయి.

బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సెల్ అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. మార్చి, తేదీ సరిచేస్తే వెబ్‌సైట్ల గొడవ కూడా పోతుంది.

ఎస్‌ఎంపీఎస్ పోయింది. షాపతను మామూలుది వేస్తానంటున్నాడు.

డెల్ ఆఫీసు పెట్టెల్లో నాలుగో తరం నుంచి చాలావాటికి మదర్‌బోర్డు ప్లగ్ ఎనిమిది పిన్నులది. మామూలు ఇరవైనాలుగు పిన్నులది నేరుగా పట్టదు. ఒక కన్వర్టర్ కేబుల్ కావాలి లేదా అదే మోడల్ పాత ఎస్‌ఎంపీఎస్ దొరకాలి. ప్లగ్గు కోసి వైర్లు అతికిస్తానంటే ఒప్పుకోవద్దు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

మానిటర్‌తో కలిపి మామూలు పనికి 80 వాట్లనుకోండి. రోజుకి ఐదు గంటలైతే నెలకి 12 యూనిట్లు. ల్యాప్‌టాప్‌కి ఇందులో సగం కూడా ఉండదు.

మే నెలలో మాటిమాటికీ ఆగిపోతోంది.

మన ఎండలకు అది కూడా తట్టుకోవాలి కదా. మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులపండి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్పించండి. ఎండిపోయి సుద్దలా ఉంటుంది. పెట్టెని గోడకి ఆనించకండి, నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి. వెనక కార్డులు పెట్టే చోట మూతలు ఊడి ఖాళీలుంటే అట్టముక్కతో మూసేయండి, గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు. బల్లి దూరి బోర్డు మీద చచ్చి షార్ట్ అయిన కేసు ఒకటి మా వీధిలోనే జరిగింది.

ఇక పూర్తిగా పోయింది. పాత ఇనుపసామానువాడికి వేసేయనా?

వేయకండి. వాళ్లు రాగి కోసం వైర్లు కాల్చి, మిగతాది కాలవలో పారేస్తారు. ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లర్లకే చేరాలి. తయారీ కంపెనీల వెబ్‌సైట్లలో పాత వస్తువులు తీసుకునే ఏర్పాటు, ఫోన్ నంబరు ఉంటాయి. దానికి ముందు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కేబుళ్లు విప్పి ఒక డబ్బాలో దాచండి. వచ్చే జూన్‌లో ఎవరికో ఒకరికి ఆ ర్యామ్ పట్టీయే కావాల్సి వస్తుంది, నాకు ఫోన్ చేసి అడుగుతారు.